ప్లాటు కొనే ముందు గెడ్డ ఎక్కడుందో చూడండి

శ్రీకాకుళం, విజయనగరం చుట్టుపక్కల పల్లపు పొలాల్లో గ్రావెల్ పోసి, మెరక చేసి లేఅవుట్లు వేస్తున్నారు. ఆ మట్టి కింద పాత గెడ్డ పూడిపోతే వాన నీరు ఇళ్లలోకే వస్తుంది. గట్టు వాలున గడ్డి నాటకపోతే కొత్త మట్టి కూడా కరిగి డ్రైన్లలో చేరుతుంది.

2017 భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువైతే నిండు నీటి హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి, చిన్నదైతే 9. గెడ్డ వెడల్పు 10 మీటర్లు దాటితే 9, లేకపోతే 2 మీటర్లు. నాగావళి లాంటి నదికి పట్టణంలో 50, బయట 100. ఈ జాగాని పార్కుగా చూపొచ్చు గానీ ప్లాట్లుగా అమ్మకూడదు.

రిజిస్ట్రేషన్ అయిందంటే లేఅవుట్‌కి అనుమతి ఉన్నట్టు కాదు. అడ్వాన్స్ ఇవ్వకముందే ఆమోదించిన ప్లాను అడిగి, దాన్ని గ్రామ సర్వే పటంతో పోల్చుకోవాలి. పటంలో గెడ్డ ఉండి ప్లానులో లేకపోతే ఆ బేరం వదులుకోవడమే మేలు.