పుస్తకాల జాబితా ఎవరి చేతిలో ఉంది?

మంచి పుస్తకాలను పాఠకులకు పరిచయం చేసే వెబ్‌సైటు ఒకటి ప్రారంభించాలని ఎవరైనా అంటే, అది సాహిత్యాభిమానుల వ్యాసంగమని, రాజకీయాలతో దానికి సంబంధం లేదని అనుకుంటాం. మన దేశ చరిత్ర అలా చెప్పడం లేదు. ఇక్కడ పుస్తకాల జాబితా తయారుచేయడం ఏనాడూ రాజకీయాలకు అతీతమైన పని కాదు. ఏయే పుస్తకాలు ఉన్నాయో ఎవరు చెబుతున్నారు, ఎవరికి చెబుతున్నారు, ఎందుకు చెబుతున్నారు అన్న ప్రశ్నలకు రాజ్యం ఒక జవాబు చెప్పింది, ఉద్యమం మరొకటి చెప్పింది, మార్కెట్టు ఇంకొకటి చెప్పింది.

1855లో కలకత్తాలో జేమ్స్ లాంగ్ అనే క్రైస్తవ మిషనరీ సుమారు 1,400 బెంగాలీ పుస్తకాల, కరపత్రాల వివరాలతో ఒక జాబితా ప్రచురించాడు. దేశభాషల్లో ఏం అచ్చవుతున్నదో పాలకులు తెలుసుకోవాలన్నది ఆయన వాదన. ప్రజల మనసు తెలుసుకోవాలంటే ప్రజలు చదివేది చదవాలని ఆయన నమ్మాడు. ఆ నమ్మకమే ఆయనను జైలుకు పంపింది. నీలిమందు తోటల దొరల దౌర్జన్యాన్ని చిత్రించిన దీనబంధు మిత్ర నాటకం ‘నీల్ దర్పణ్’ ఆంగ్లానువాదాన్ని ప్రచురించినందుకు 1861లో ఆయనకు నెల రోజుల జైలుశిక్ష, వెయ్యి రూపాయల జరిమానా విధించారు.

1857 తిరుగుబాటు తర్వాత పాలకులకు ఈ జాబితాల అవసరం మరింత బాగా తెలిసివచ్చింది. 1867లో వచ్చిన పత్రికల, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతులనూ ప్రభుత్వానికి సమర్పించాలి. వాటి వివరాలను మూడు నెలలకొకసారి గెజిట్‌లో ప్రకటించేవారు. పందొమ్మిదో శతాబ్దపు పుస్తక చరిత్ర రాసేవారికి ఆ పట్టికలే నేటికీ పెన్నిధి. కానీ అవి పాఠకుడి కోసం పుట్టినవి కావు, పాఠకుడి మీద నిఘా కోసం పుట్టినవి. స్వతంత్ర భారతం కూడా ఆ చట్టాన్ని ఏడు దశాబ్దాలకు పైగా మోసింది. 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చిలో అమలులోకి వచ్చాకే పుస్తకాలు దాని పరిధి నుంచి బయటపడ్డాయి.

పాఠకుడి కోసం జాబితా తయారుచేసే పనిని మొదట భుజాన వేసుకున్నవి ఉద్యమాలు, కొందరు సంస్థానాధీశులు. బరోడాలో మూడవ శాయాజీరావు గైక్వాడ్ 1910లో అమెరికా నుంచి విలియం బోర్డెన్ అనే గ్రంథాలయ నిపుణుడిని రప్పించి, ఊరూరా గ్రంథాలయాలను, సంచార గ్రంథాలయాలను ఏర్పరచాడు. తెలుగునాట ఆ పనిని ప్రజలే చేసుకున్నారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించి, చరిత్రనూ శాస్త్రాలనూ తెలుగులో అందించడానికి పూనుకున్నారు. 1914లో విజయవాడలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి, చదువరుల వద్దకే గ్రంథాలయాన్ని నడిపించారు.

నిజాం రాజ్యంలో దీని ప్రాధాన్యం ఇంకా ఎక్కువ. బహిరంగ సభకు అనుమతి దొరకడమే కష్టమైన చోట గ్రంథాలయం పౌరులు కలుసుకునే స్థలమైంది. తెలంగాణలో గ్రంథాలయోద్యమం, ఆంధ్ర మహాసభ చేయీచేయీ పట్టుకుని నడిచాయి. ఏ పుస్తకం చదవాలో సాటి పాఠకుడు చెప్పడమే అక్కడ రాజకీయ చర్య అయింది.

ఈ అనుభవానికి శాస్త్ర రూపం ఇచ్చినవాడు మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్.ఆర్. రంగనాథన్. 1931లో ఆయన ప్రకటించిన అయిదు సూత్రాలలో ఒకటి ప్రతి పాఠకుడికీ తగిన పుస్తకం అందాలంటుంది, ఇంకొకటి ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలంటుంది. ఈ రెండవదే మన విషయానికి కీలకం. తన కోసం ఒక పుస్తకం ఉన్నదని పాఠకుడికే తెలియకపోవచ్చు. ఆ ఎరుక కలిగించే బాధ్యత గ్రంథాలయానిదేనని ఆయన భావన. 1948లో మద్రాసు రాష్ట్రంలో పౌర గ్రంథాలయాల చట్టం రావడం వెనుక ఆయన కృషి ఉంది. 1955లో హైదరాబాదు రాష్ట్రం, 1960లో ఆంధ్రప్రదేశ్ కూడా ఇటువంటి చట్టాలు చేసుకున్నాయి. 1954 నాటి పుస్తకాల సమర్పణ చట్టం పుణ్యాన జాతీయ గ్రంథాలయానికి చేరే ప్రతులతో భారత జాతీయ గ్రంథసూచి రూపొందుతున్నది.

కానీ చట్టం భవనం కట్టగలదు, పన్ను వసూలు చేయగలదు. ఫలానా పుస్తకం ఎందుకు చదవాలో పాఠకుడి భుజం మీద చేయి వేసి చెప్పలేదు. ఉద్యమం చల్లారి శాఖ మిగిలాక గ్రంథాలయంలో పుస్తకాలను లెక్కబెట్టే ఉద్యోగి ఉన్నాడు గాని, వాటిని పరిచయం చేసే మనిషి కరవయ్యాడు.

ఆ ఖాళీలోకి మార్కెట్టు వచ్చింది. 2007లో బెంగళూరులో మొదలైన ఫ్లిప్‌కార్ట్ తొలుత పుస్తకాలే అమ్మింది. 2010లో పాఠకులు ఒకరికొకరు పుస్తకాలు సూచించుకునే ‘వియ్‌రీడ్’ అనే సేవను కొనుగోలు చేసింది. తర్వాత సెల్‌ఫోన్లు, దుస్తులు, ఫ్రిజ్‌ల అమ్మకాల్లో పుస్తకం ఒక మూలకు జరిగింది. 2007లోనే అమెరికాలో పాఠకుల ముందుకు వచ్చిన గుడ్‌రీడ్స్‌ను 2013లో అమెజాన్ కొనేసింది. పాఠకులు ఉచితంగా రాసిన లక్షలాది అభిప్రాయాలు పుస్తకాలు అమ్మే సంస్థ ఆస్తిగా మారిపోయాయి. రాజ్యం జాబితా పాఠకుడిని అనుమానితుడిగా చూస్తే, మార్కెట్టు జాబితా అతనిని కొనుగోలుదారుగా చూస్తుంది. రెండింటికీ అతని అభిరుచి సమాచారమే.

భారతీయ భాషలకు ఇందులో అదనపు నష్టం ఉంది. తెలుగులో ఎన్నో పుస్తకాలను రచయితలే కొద్ది ప్రతులు అచ్చువేయించి, నాలుగు దుకాణాలలో పెట్టి వదిలేస్తారు. అంతర్జాతీయ సంఖ్య లేని పుస్తకం ప్రపంచ జాబితాల లెక్కలో పుట్టనట్టే. ఎక్కువమంది కొన్నదే ఇంకా ఎక్కువమందికి కనిపించే ఏర్పాటులో అనువాదాలు, దళిత ఆత్మకథలు, జిల్లా చరిత్రలు వెనుక వరుసలోకి కూడా రావు. 2009లో తెలుగులో ‘పుస్తకం.నెట్’ ప్రారంభమై పాఠకుల చేతనే పరిచయాలు రాయించడం ఈ కారణం వల్లనే గుర్తుంచుకోదగిన ఘటన. కొత్తగా పూనుకునేవారు వెతకవలసిన దారి అటువైపే ఉంది.

వారికి చరిత్ర ఇచ్చే సలహాలు కొన్ని ఉన్నాయి. పరిచయం చేసేవారు, అమ్మేవారు వేర్వేరుగా ఉండాలి. ప్రచురణకర్త పంపిన ఉచిత ప్రతిపై రాస్తే ఆ సంగతి చెప్పాలి. నచ్చని పుస్తకాన్ని నచ్చలేదనే స్వేచ్ఛ ఉండాలి. పుస్తకం ఎక్కడ దొరుకుతుందో, ఏ గ్రంథాలయంలో ఉన్నదో తెలపాలి. పాఠకుడు ఏం చదివాడన్న వివరాన్ని దాచిపెట్టుకోకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. 1867 చట్టం నేర్పిన పాఠం అదే.

గ్రంథాలయోద్యమకారుల దగ్గర యంత్రాలు లేవు, పెట్టుబడి లేదు. కానీ చదివినవాడు ఇంకొకడికి చెప్పాలన్న పట్టుదల ఉంది. నేడు సాధనాలు చవకైపోయాయి. జాబితా మన చేతిలో ఉండాలంటే దానిని రాసే ఓపిక కూడా మనదే కావాలి. లేకపోతే మనం ఏం చదవాలో ఒకప్పటిలాగే ఇంకెవరో నిర్ణయిస్తారు.