సీమ వార్తల్లో ‘మళ్లింపు’

కర్నూలు, కడప జిల్లాల వార్తల్లో ‘మళ్లించు’ అన్న క్రియ కనిపించని రోజు అరుదు. నీళ్లు మళ్లిస్తారు, నిధులు మళ్లిస్తారు, జనం దృష్టి మళ్లిస్తారు, వాగు పొంగితే బస్సులు మళ్లిస్తారు.

పత్రికలకెక్కక ముందు ఇది కాపరి మాట, సేద్యగాడి మాట. చేలో పడబోయే గొర్రెలను కాపరి అదిలించి మళ్లిస్తాడు. నీళ్లు కట్టే రైతు నాలుగు పారల మన్ను తీసి ఒక మడవ తెంచుతాడు. అదే మన్నుతో రెండోది మూసి నీటిని పక్క మడిలోకి మళ్లిస్తాడు. సీమలో ఆ పార పని నదుల స్థాయిలో జరిగింది కర్నూలు-కడప కాలవతోనే, అంటే కేసీ కెనాల్‌తోనే. 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టింది. కాలవను కర్నూలు దగ్గర హంద్రీ మీదుగా దాటించి, మిట్టకందాల గట్టును కోసి, కృష్ణా పరీవాహకంలోని నీటిని పెన్నా వైపు తిప్పింది. కుందూ లోయ మీదుగా కడప దాకా సుమారు 300 కిలోమీటర్ల కాలవ అది. పడవలు కూడా నడపాలనుకున్నారు గానీ ఆ ఆశ పెద్దగా ఫలించలేదు. కంపెనీ నష్టాల్లో కూరుకుపోవడంతో 1882లో కాలవ ప్రభుత్వం చేతికొచ్చింది.

1983లో మొదలైన తెలుగుగంగ ఈ క్రియకు కొత్త ఊపు ఇచ్చింది. మద్రాసు తాగునీటికి 15 టీఎంసీలు పంపే ఆ పథకం దారిలో సీమ పొలాలనూ తడపాలి. పోతిరెడ్డిపాడు తూముల నుంచి వచ్చే కృష్ణా నీళ్లు బనకచర్ల క్రాస్ రెగ్యులేటర్ దగ్గర మూడుగా చీలతాయి: ఒక పాయ వెలుగోడుకు, ఒకటి శ్రీశైలం కుడి కాలవకు, మరొకటి నిప్పులవాగులో పడి కేసీ ఆయకట్టుకు. వానాకాలంలో ఇక్కడి విలేకరి ఏ గేటు నుంచి ఎన్ని క్యూసెక్కులు మళ్లించారో రాస్తాడు. అక్కడ ఆ క్రియకు మరో అర్థమే లేదు.

నిధుల దగ్గరకొచ్చేసరికి దాని రంగు మారుతుంది. ఒక పద్దు డబ్బు మరో పద్దుకు పోతే ‘నిధులు దారి మళ్లాయి’ అని శీర్షిక పెడతారు. ఈ అకర్మక రూపం విలేకరికి రక్ష, పాఠకుడికి నష్టం: డబ్బు తనంతట తనే నడిచిపోయినట్టుంటుంది. ‘మళ్లించారు’ అంటే ఎవరన్న ప్రశ్న వెంటనే లేస్తుంది. ఆధారం చేతిలో ఉన్నప్పుడు రెండోదే రాయాలి.

ఈ తప్పుడు పని వాసన నీళ్ల వార్తలకూ పాకింది. 2005లో పోతిరెడ్డిపాడు సామర్థ్యాన్ని 11 వేల పైచిలుకు క్యూసెక్కుల నుంచి 44 వేలకు పెంచే నిర్ణయం జరిగినప్పుడు తెలంగాణ ఉద్యమకారులు దాన్ని జలదోపిడీ అన్నారు. సీమ నాయకులు హక్కు అన్నారు. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో కృష్ణా, తుంగభద్ర నీళ్లపై సీమకు ఇచ్చిన మాటను గుర్తుచేశారు. అటు దోపిడీ, ఇటు హక్కు అంటుంటే, ఎవరి పక్షమూ వహించని వార్తకు ‘మళ్లింపు’ ఒక్కటే మిగిలింది. అయినా వరదనీళ్ల కోసం ఎదురుచూసే ఊళ్లలో ఆ మాట కూడా నిందలాగే వినిపిస్తుంది. గోదావరి నీటిని పోలవరం నుంచి బనకచర్లకు తెచ్చే ప్రతిపాదన 2025లో వివాదమైనప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘అనుసంధానం’ అనే పేరు ఎంచుకుంది. పత్రికలు ఆ పేరును శీర్షికలో ఉంచి, లోపలి వార్తలో మళ్లించే నీటి లెక్క రాశాయి.