మూత్రపిండమూ మరచేతులూ

రోబో అనగానే మనవాళ్ళకు రజనీకాంత్ గుర్తుకు రావడం సహజమే. కాని ఆ మాట లోకానికి తెలిసింది 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన నాటకం ద్వారా. ఆ భాషలో 'రొబోత' అంటే వెట్టిచాకిరి. శస్త్రచికిత్స గదిలోని రోబోకు ఈ పాత అర్థమే అతికినట్లు సరిపోతుంది. అది తనంత తానుగా ఏ కోతా కొయ్యదు. పక్కనున్న యంత్రం ముందు కూర్చొని వైద్యుడు తన వేళ్ళు కదిపినట్లే రోగి కడుపులోని పనిముట్లు కదులుతాయి. 'రోబో ఆపరేషన్ చేసింది' అని పత్రికలు రాసినప్పుడల్లా నాకు కాస్త చిరాకు కలుగుతూ ఉంటుంది. ఈ వెట్టివాడు మూత్రపిండం దాకా ఎలా వచ్చాడన్నదే నేను చెప్పదలచుకున్న కథ.

మొదట తేలవలసిన ప్రశ్న చాలా మౌలికమైనది. ఒక్క మూత్రపిండంతో మనిషి బతకగలడా? 1869 నాటికి దీనికి రూఢియైన జవాబు లేదు. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో గుస్తావ్ సైమన్ అనే శస్త్రవైద్యుని వద్దకు 46 ఏళ్ళ స్త్రీ ఒకామె వచ్చింది. అంతకుముందు జరిగిన ఒక ఆపరేషన్‌లో మూత్రనాళం దెబ్బతిని, మూత్రం ఎడతెగకుండా బయటికి కారిపోతూ ఉండేది. ప్రాణం పోదు, కాని అదొక బతుకూ కాదు. ఆ నాళాన్ని బాగుచేసే దారి లేదు గనుక, మూత్రపిండాన్నే తీసివేస్తే? సైమన్ తొందరపడలేదు. ముందు కుక్కలకు ఒక మూత్రపిండం తీసి, అవి బతికి ఉండడం చూశాడు. శవాల మీద అభ్యాసం చేశాడు. ఆ తరువాతనే, 1869 ఆగస్టు 2న, ఆమె నడుము వెనుకభాగాన కోసి మూత్రపిండాన్ని తొలగించాడు. ఆమె కోలుకొంది. యంత్రాల సంగతి ఎలా ఉన్నా, ఈ చరిత్ర మొత్తంలో ఇంతటి గుండెధైర్యం నాకు మరెక్కడా కనబడదు. అది సైమన్‌దా, ఆమెదా అంటే మాత్రం ఆమెదే అంటాను.

తీసివేయడం వచ్చాక, కొంత మిగల్చడం (1887, చెర్నీ, అదే హైడెల్‌బర్గ్‌లో), ఒకరిది మరొకరికి అమర్చడం (1954, బోస్టన్, కవల సోదరుల మధ్య) వచ్చాయి. అన్నింటికీ పెద్ద కోత తప్పదు. 1990 జూన్ 25న అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రాల్ఫ్ క్లేమన్ బృందం 85 ఏళ్ళ వృద్ధురాలికి చిన్న రంధ్రాల గుండానే మూత్రపిండం తీసింది. లోపలే ఒక సంచిలో వేసి, ముక్కలు చేసి బయటికి లాగారు. దాదాపు ఏడు గంటలు పట్టింది.

అయితే తీయడం వేరు, కుట్టడం వేరు. కణితిని మాత్రమే కోసి తక్కిన మూత్రపిండాన్ని నిలపాలంటే రక్తధమనిని కాసేపు బిగించి ఉంచాలి. సుమారు అరగంట దాటితే మిగిలిన భాగానికే చేటు. ఆ గడువులోగా, మణికట్టు లేని పొడవాటి కడ్డీలతో, చెయ్యి కుడికి తిప్పితే మొన ఎడమకు పోయే తలకిందుల లెక్కలో కుట్లు వేయాలి. ఆ విద్య కొద్దిమందికే పట్టుబడింది. మరచేతి ప్రయోజనం సరిగ్గా ఇక్కడే. యుద్ధభూమిలోని సైనికునికి దూరం నుంచే శస్త్రచికిత్స చేయాలన్న అమెరికా సైన్యపు ఆశతో సాగిన పరిశోధన అది. యుద్ధానికి అక్కరకు రాలేదు గాని, 2000లో 'డావిన్చీ' పేరుతో ఆసుపత్రులకు అనుమతి పొందింది. దాని పనిముట్ల కొసన మణికట్టు ఉంది. వైద్యుని చేతివణుకును అది వడకట్టేస్తుంది.

ఇక్కడ మన తెలుగువాడొకరు తగులుతారు. 2001లో రాజ్ వట్టికూటి ఇచ్చిన భూరివిరాళంతో డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రిలో ఆయన ఇంటిపేరుతోనే మూత్రవ్యాధుల సంస్థ వెలసింది. అక్కడి మణి మేనన్ బృందమూ గుర్‌గావ్‌లోని మేదాంత వైద్యులూ కలిసి 2013లో రోబో సాయంతో మూత్రపిండ మార్పిడికి ఒక పద్ధతిని రూపొందించారు. దాత మూత్రపిండాన్ని మంచుతురుముతో చుట్టి, చిన్న కోత గుండా లోపలికి పంపి, అది వేడెక్కకుండా రక్తనాళాలు కుట్టడమే అందులోని కిటుకు. మార్పిడి రోగులు రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడుతారు గనుక, వారికి పెద్ద గాయం పెద్ద గండమే. షికాగోలో స్థూలకాయులైన రోగులను పోల్చి చూసినప్పుడు, రోబో పద్ధతిలో చేసిన 28 మందిలో ఒక్కరికీ గాయం చీము పట్టలేదు. మామూలు కోత పడిన 28 మందిలో 8 మందికి పట్టింది.

ఇది చదివినప్పుడు నా మనసు ఉద్దానం వైపు పోయింది. శ్రీకాకుళం జిల్లాలోని ఆ కొబ్బరితోటల పల్లెల్లో మూత్రపిండాలు ఎందుకు చెడిపోతున్నాయో ఇదమిత్థమని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రమూ 200 పడకల ఆసుపత్రీ ప్రారంభమయ్యాయి. అక్కడి కూలిమనిషికి కోత ఎన్ని అంగుళాలన్నది ప్రశ్నే కాదు. దాత దొరకాలి, మందులు జీవితాంతం కొనాలి. అందాకా వారానికి రెండు మూడుసార్లు, పూటకు నాలుగేసి గంటలు, డయాలసిస్ యంత్రం పక్కన పడుకోవాలి. ఆ రోజుల్లో కూలి ఉండదు.