గుట్టదారికి ఎంత ఇంజను?

జనగామ బండలు, మహబూబాబాదు వాగులు, భూపాలపల్లి అడవిబాటలు ఎరిగిన మోటారుసైకిలు చోదకులకు ‘ట్రయల్స్’ అను క్రీడను వివరించుట కష్టము కాదు. అది వేగపు పందెము కాదు. రాళ్ళమీద, బురదలో కాలు నేల మోపక నడుపవలెను. మోపినకొద్దీ దోషాంకములు పడును.

దానికెంత ఇంజను కావలెనన్నది పాత తగవు. బ్రిటనులో మొదట పెద్ద ఇంజనులదే పెత్తనము. జానీ బ్రిటన్ 350 సీ.సీ. బుల్లెట్టుపై 1952లోను, 1957లోను స్కాట్లండు ఆరుదినముల పరీక్షను గెలిచెను. 1955 నుండి మదరాసులో తయారై మన ఊళ్ళలో దుగదుగలాడిన బుల్లెట్టు దాని తోబుట్టువే. బరువైన ఫ్లైవీలు వలన ఇంజను మెల్లగా తిరిగినను ఆగిపోదు. చక్రము జారక మట్టిని పట్టును. అయితే బండి పడినచో? లేవనెత్తువాని నడుము నడుగవలెను!

500 సీ.సీ. ఏరియల్ పై ఏండ్లతరబడి నెగ్గిన శామీ మిల్లర్ దానిని విడిచి స్పెయినువారి బుల్టాకో పక్షమున చేరెను. ఆయన తీర్చిదిద్దిన షెర్పా 244 సీ.సీ. మాత్రమే. 1965లో దానిపైననే స్కాట్లండు పరీక్ష గెలిచెను. సగము ఇంజను, తేలిక బండి! పెద్దబండ్ల కాలము అంతటితో వాలినది. 1975లో తొలి ప్రపంచ విజేతయైన మార్టిన్ లాంప్కిన్ నడిపినదియు బుల్టాకోయే.

నేటి పోటీబండ్లు చాలవరకు 250 నుండి 300 సీ.సీ. వరకుండును, బరువు సుమారు 70 కిలోలు. 300 దుడుకుతనము చేయి తిరిగినవానికే తగునని మా తలంపు. కొత్తవానికి 250, కుర్రవానికి 125 చాలును. వాగు ఇసుకలో మాత్రము 125 కొంత ఆయాసపడును.