కడలి లోపలి రంగులు

ఎర్రని చేప 10 మీటర్ల లోతున మనకు నలుపుబారి కనబడును. సూర్యకాంతిలోని ఎరుపును నీరు ముందుగా మ్రింగివేయును, పిదప నారింజ, పసుపు వన్నెలు తరుగును, మిగులునది నీలిమ. లోతున తీసిన ఛాయాచిత్రము నీలిమయమగుటకు కారణమిదియే.

1926లో అమెరికాలోని ఫ్లోరిడాకు చేరువనున్న డ్రై టార్టుగాస్ దీవుల కడ జీవశాస్త్రవేత్త విలియమ్ లాంగ్లీ, ఛాయాగ్రాహకుడు చార్లెస్ మార్టిన్ దీనికొక ఉపాయము పన్నిరి. నాటి ఆటోక్రోమ్ పలకలకు విస్తారమైన వెలుగు కావలెను. కావున వారు నీటిపై తేలు తెప్పమీద మెగ్నీషియమ్ పొడిని మండించి, ఆ మెరుపును సముద్రములోనికి మరల్చిరి. ఒకమారు పొడి ప్రేలి లాంగ్లీ తీవ్రముగా గాయపడెను. అయినను చిత్రములు సిద్ధించినవి. 1927 జనవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక వానిని ప్రకటించెను. సముద్రగర్భమున తీసిన తొలి వర్ణచిత్రములవి.

1943లో కుస్తో, గాన్యాఁలు శ్వాసయంత్రమును రూపొందించిన పిదప మానవుడు స్వేచ్ఛగా ఈదుచు దీపమును చేపకు చేరువగా కొనిపోగలిగెను. ఆ చేరువయే కీలకము. దీపకాంతియు నీటిలో దూరము సాగినకొలది ఎరుపును కోల్పోవును. కటకమునకు ఎర్రగాజు తొడిగినను, కాంతిలో లేని ఎరుపును అది తేజాలదు.

అయితే ఆ చేప బ్రతుకంతయు నీలివెలుగుననే గడచును. మన దీపము చూపునది దాని మేని వన్నె. నీలిమ దాని లోకపు వన్నె. సహజవర్ణమని మనము పలుకునపుడు ఈ రెండింటిని మరువరాదు.