హ్యూమన్ పాపిల్లోమా వైరస్ పరీక్ష

హ్యూమన్ పాపిల్లోమా వైరస్ పరీక్ష అనగా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్ రకాలను గుర్తించే ప్రయోగశాల పరీక్ష. ఈ వైరస్‌ను సాధారణ కల్చర్ పద్ధతిలో పెంచలేరు కనుక దాని డీఎన్‌ఏ కోసం వెదకుతారు.

పద్ధతులు

ముఖద్వారం నుండి బ్రష్‌తో కణాలను సేకరిస్తారు.

* పీసీఆర్: వైరస్ డీఎన్‌ఏ భాగాన్ని అనేక రెట్లు పెంచి గుర్తిస్తారు. 16, 18 రకాలను విడిగా తెలుసుకొనవచ్చు.
* హైబ్రిడ్ క్యాప్చర్: డీఎన్‌ఏను ఆర్‌ఎన్‌ఏ ప్రోబ్‌లతో జతపరచి, వెలువడే కాంతిని కొలుస్తారు. 13 ప్రమాదకర రకాలను పసిగట్టును.

పాప్ పరీక్షలో మాత్రం కణాలలోని మార్పులను సూక్ష్మదర్శినితో చూస్తారు.

ప్రాముఖ్యత

మహారాష్ట్రలోని నాటి ఉస్మానాబాద్ (నేటి ధారాశివ్) జిల్లాలో జరిగి 2009లో ప్రచురితమైన అధ్యయనంలో, ఒక్కసారి ఈ పరీక్షకు పిలిచిన వర్గంలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాలకు ఇది అనుకూలమైనది. నమూనాను అక్కడే తీసి దూరపు ప్రయోగశాలకు పంపవచ్చును. పాజిటివ్ ఫలితం క్యాన్సర్‌కు నిర్ధారణ కాదు. దానికి కాల్పోస్కోపీ, బయాప్సీ అవసరం.