సౌదా, పైత్యం, వెయ్యేళ్ల నాటి ఒక కితాబ్

ఉర్దూలో 'సౌదా' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. బజారుకెళ్లి తెచ్చే సరుకు సౌదా. షాయరీలో అయితే సౌదా అంటే పిచ్చి, తలకెక్కిన ఇష్క్. 18వ శతాబ్దపు షాయర్ మిర్జా రఫీ తఖల్లుస్ కూడా సౌదానే. పిచ్చి అనే అర్థమున్న సౌదా అరబ్బీ నుంచి వచ్చింది, దాని అసలు అర్థం నలుపు.

యునానీ తిబ్ ప్రకారం ఒంట్లో నాలుగు ఖిల్తులు, అంటే రసాలు ఉంటాయి. వాటిలో ఒకటి నల్ల పిత్తం, అదే సౌదా. అది పెరిగితే మనిషి ఉదాస్ అవుతాడు, కారణం లేకుండా భయపడతాడు, ఒంటరిగా కూర్చుంటాడు. హకీములు ఆ మర్జ్‌ను మాలీఖూలియా అన్నారు. గ్రీకులో ఆ మాటకు అర్థం నల్ల పిత్తమే. డిగ్రీలో తెలుగు చదువుతున్నప్పుడు 'పైత్యం' అన్న మాట దగ్గర ఆగి నవ్వుకున్నాను. పిత్తం నుంచి పైత్యం. మనిషి తీరు మారితే 'వీడికి పైత్యం ముదిరింది' అంటాం. అక్కడా తప్పు పిత్తానిదే!

నల్ల పిత్తం సిద్ధాంతాన్ని ఈనాటి వైద్యం ఒప్పుకోదు. కానీ దాని వెనకున్న ఒక ఆలోచన గొప్పది. మనసు కుంగడం ఒక మర్జ్, దానికి నిషానీలుంటాయి, ఇలాజ్ ఉంటుంది. అది పాపం కాదు, శాపం కాదు. పాత హకీములకు ఇంత స్పష్టంగా తెలిసిన సంగతి మన ఇళ్లలో ఎక్కడ తప్పిపోయింది?

అబూ జైద్ అల్-బల్ఖీ సంగతి చూద్దాం. 850లో బల్ఖ్ దగ్గర ఒక పల్లెలో పుట్టాడు. ఇప్పుడది అఫ్గానిస్తాన్. బగ్దాద్‌లో ఫల్సఫా చదివి, అల్-కిందీకి షాగిర్ద్‌గా పేరు పొంది, తిరిగి తన ఊరికే చేరాడు. 934లో వఫాత్ అయ్యాడు. చరిత్రలో ఆయన పేరు ఎక్కువగా భూగోళ శాస్త్రంలో, నక్షాల దగ్గర వినిపిస్తుంది. కానీ ఆయన 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్' అనే కితాబ్ కూడా రాశాడు. శరీరాల బాగు, మనసుల బాగు అని అర్థం. మొదటి భాగం శరీరానికి, రెండోది మనసుకు. దాని చేతిరాత ప్రతులు ఇస్తాంబుల్‌లో మిగిలాయి. 1984లో ఫువాత్ సెజ్గిన్ వాటిని ఉన్నవున్నట్టు అచ్చు వేయించాక ప్రపంచం మళ్లీ చదివింది. 2013లో సూడాన్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త మాలిక్ బద్రీ మనసు భాగాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు.

మనసుకొచ్చే తకలీఫ్‌లను బల్ఖీ నాలుగుగా విడదీశాడు. కోపం, భయం, దుఃఖం, వస్వాస్. వస్వాస్ అంటే వద్దనుకున్నా వదలకుండా తిరిగొచ్చే ఆలోచన. ఒంటి రోగం లేకుండా కొందరు చాలాకాలం బతకొచ్చు గానీ, ఈ మనసు తకలీఫ్‌లు తాకని మనిషి లేడంటాడు. వైద్యులు ఒంటినే చూసి మనసును వదిలేస్తున్నారన్నది ఆయన ఫిర్యాదు.

దుఃఖం గురించి ఆయన చెప్పింది ఇంకా ముఖ్యం. దుఃఖం రెండు రకాలు. మొదటిదానికి సబబ్ తెలుసు. ఎవరో పోయారు, ఏదో పోగొట్టుకున్నాం. రెండోదానికి సబబ్ కనిపించదు. అన్నీ ఉన్నా మనిషిలో హుషారు ఉండదు, దేంట్లోనూ ఆనందం దొరకదు. ఈ రెండోదాని వేరు ఒంట్లో ఉందని, ఒంటికి కూడా ఇలాజ్ చేయాలని ఆయన రాశాడు. నెత్తుటి గురించి ఆయన చెప్పిన వివరణ ఇప్పుడు నిలవదు. కానీ 'నీకేం తక్కువ? అల్లా అన్నీ ఇచ్చాడు కదా' అని కుంగిన మనిషిని నిలదీసే ప్రతి ఒక్కరికీ అందులో జవాబుంది. ఏం తక్కువ లేకపోయినా ఈ మర్జ్ వస్తుంది.

వస్వాస్ విషయంలో జనంలో ఉన్న రెండు మాటల్నీ ఆయన రాశాడు. షైతాన్ పని అనేది ఒకటి, పిత్తం పని అనేది రెండోది. అంతటితో వదిలేయలేదు. ఒంటరిగా ఉండొద్దు, ఖాళీగా కూర్చోవద్దు, నలుగురిలో కలవమని చెప్పాడు.

ఇంచుమించు అదే జమానాలో బగ్దాద్ నుంచి ఉత్తర ఆఫ్రికాలోని కైరవాన్ వెళ్లిన ఇస్హాక్ ఇబ్న్ ఇమ్రాన్ మాలీఖూలియా మీద ఒక రిసాలా రాశాడు. 11వ శతాబ్దంలో కాన్‌స్టంటైన్ ఇటలీలో దాన్ని లాటిన్‌లోకి తెచ్చాడు. అలా అది యూరప్ వైద్యుల చేతికి చేరింది. రాత్రింబవళ్లు కితాబుల్లో మునిగే ఆలిములకు, ఇబాదత్‌లో ఒంటిని మరిచే పరహేజ్‌గార్లకు కూడా ఈ మర్జ్ రావచ్చని ఇస్హాక్ రాశాడు. అంటే ఇది ఇమాన్ కమ్‌జోర్ అయినవాళ్లకే వస్తుందన్న మాట ఆనాటి హకీము దగ్గరే చెల్లలేదు.

ఆ జమానా అంతా స్వర్గమని చెప్పను. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన బీమారిస్తాన్‌లో మనసు రోగులకు వేరే చోటుండేది. 1488లో మొదలైన ఎదిర్నే దవాఖానాలో పూల వాసనతో, సంగీతంతో ఇలాజ్ చేసేవారని ఎవ్లియా చెలెబీ రాశాడు. కొన్ని బీమారిస్తాన్లలో రోగుల్ని గొలుసులతో కట్టేసిందీ నిజమే. దయ, గొలుసు రెండూ మన వారసత్వమే. ఏది ఉంచుకోవాలో మనమే తేల్చుకోవాలి.

మా మొహల్లాలో ఒక చిచ్చా ఉండేవారు, దర్జీ పని. మొదట చబూత్రా మీద కూర్చోవడం మానేశారు. తర్వాత ఫజర్ కంటే చాలా ముందే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టేది కాదు. అన్నం సగంలో వదిలేసేవారు. అడిగితే 'సర్ భారీ హై బేటా, హాథ్ పావ్ మే జాన్ నహీ' అనేవారు. తల బరువు, కాళ్లూ చేతుల్లో సత్తువ లేదు అని. బీపీ చూశారు, షుగర్ చూశారు, తావీజ్ కట్టారు. ఉదాస్ అని ఆయన ఒక్కసారీ అనలేదు. మా మర్దులు ఆ మాట అనరు. రెండేళ్ల తర్వాత ఒక డాక్టర్ మనసు సంగతి అడిగితే ఏడ్చేశారు. దవా మొదలైన కొన్ని నెలలకు మళ్లీ మిషన్ తొక్కారు.

నిషానీలు ఇవే. దాదాపు రోజంతా ఉదాసీ, లేదా ఇష్టమైన పనుల మీదా ఇష్టం చచ్చిపోవడం. నిద్ర, ఆకలి తప్పడం లేదా మరీ ఎక్కువ కావడం. అలసట, దేని మీదా ధ్యాస నిలవకపోవడం, నేను ఎందుకూ పనికిరానన్న ఆలోచన. ఇలాంటివి కొన్ని కలిసి రెండు వారాలు దాటితే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఘబరాహట్ తీరు వేరు. చిన్న విషయానికీ ఆగని ఫిక్ర్, గుండె దడ, చెమట, కండరాలు బిగుసుకోవడం, ఏదో జరగబోతోందన్న భయం నెలల తరబడి వదలవు. రెండూ ఒకే మనిషిలో కలిసి ఉండటం మామూలే. గుండె దడకు, నీరసానికి థైరాయిడ్, రక్తహీనత, గుండె జబ్బు కూడా కారణం కావచ్చు కాబట్టి ఒంటి పరీక్షా తప్పదు. ఎవరైనా చావు మాట ఎత్తితే నవ్వులాటగా తీసుకోవద్దు. ఒంటరిగా వదలొద్దు, సూటిగా అడగండి, వెంటనే సాయం పిలవండి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబర్ 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు.

దువా ఆపమని ఎవరూ అనడం లేదు. యూసుఫ్ కోసం ఏడ్చి ఏడ్చి కళ్లు పోగొట్టుకున్న యాఖూబ్ ఒక పైగంబర్. ఆయన ఇమాన్‌ను ఎవరూ శంకించరు. మరి పక్కింటి మనిషి ఇమాన్‌ను మనం ఎందుకు తూకం వేయాలి?

ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఇంట్లో దవాలు సిద్ధంగా ఉంచుకున్నట్టు, మనసు కుదురుగా ఉన్నప్పుడే మంచి ఆలోచనలు కూడబెట్టుకోమన్నాడు బల్ఖీ. ఆ పెట్టెలో ఒక దోస్త్ ఫోన్ నంబర్, ఒక డాక్టర్ పేరు కూడా వేసుకుందాం.